గోడకు అవతల మైకు

మిల్లు మూతపడ్డాక అందులోని సామాను ఊరంతా చెల్లాచెదురైంది. మరమగ్గాలు లారీలెక్కి ఎటో పోయాయి. క్యాంటీన్ బల్లలు టీ దుకాణాలకు చేరాయి. గేటు దగ్గరి గడియారం ఎవరి గోడకో వేలాడుతూ తప్పు టైము చూపిస్తోంది. మైకులో మాటను పెద్దది చేసే ఆంప్లిఫయరును మాత్రం ఎవరూ కొనలేదు. ఇనప్పెట్టెంత బరువు, ముట్టుకుంటే మసి, పాటలు పెట్టుకుందామన్నా ఇంపుగా పలకదు. పాత సామాన్ల కొట్టులో, రెక్కలూడిన ఫ్యాన్ల కింద పడి ఉంది.

దాన్ని చూసి ఆగిపోయిన పెద్దమనిషిని మిల్లులో అందరూ సైరన్ అనేవారు. అక్కడ ఎలక్ట్రీషియను. షిఫ్టు మారినప్పుడు సైరన్ మోగించేదీ, మైకులో కూలీల పేర్లు పిలిచే ఏర్పాటు చూసుకునేదీ ఆయనే. ఉద్యోగమంతా మగ్గాల హోరులోనే గడిచింది. ఆ హోరు నెలనెలా జీతం ఇచ్చింది, పనిలో పనిగా చెవులు పట్టుకుపోయింది. ఆ బేరంలో తను మోసపోయానని ఆయనకు రిటైరయ్యాక గానీ తెలిసిరాలేదు.

"ఎంతకిస్తావ్?" అన్నాడు, కొట్టువాడు ఉలిక్కిపడేంత గట్టిగా. చెవిటివాళ్ళకు తమ గొంతెంత పెద్దదో తెలియదు పాపం.

కొట్టువాడు ఒక ధర చెప్పాడు. ఈయనకు వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ?" అన్నాడు. వాడు కొంచెం తగ్గించి చెప్పాడు. మళ్ళీ "ఆఁ?" ఇలా కాదని వేళ్ళు చూపించే వేళకు, దిగాల్సిన దానికంటే ఎక్కువే దిగిపోయానని వాడికి అర్థమైంది.

"నీతో బేరం నా వల్ల కాదు బాబాయ్, పట్టుకెళ్ళు," అని చేతులెత్తేశాడు. "ఇంతకీ ఎందుకిది? ఎన్నికల్లో గానీ నిలబడతావా ఏంటి?"

ఆ మాటా వినపడలేదు. వినపడినా జవాబు చెప్పేవాడు కాదు. ఇంట్లో పెళ్ళాం మాట వినడానికి మిల్లు మైకు కొనుక్కుపోతున్నానని ఏ మగాడు నోరు తెరిచి చెప్పుకుంటాడు!

ఆయన భార్య చిన్నపిల్లల బడిలో టీచరు. గొంతంటే ఆవిడదే. వంటింట్లోంచి "టీ చల్లారిపోతోంది" అని కేకేస్తే పక్కింటాయన కూడా లేచి నిలబడేవాడని వీధిలో హాస్యమాడేవారు. అది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు. మొగుడి చెవులు మందగించిన కొద్దీ ఆవిడ తన గొంతును కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చింది. కాపురం కోసం సాధన చేసిన గొంతు. అందుకే వాళ్ళింట్లో రహస్యమనేది లేదు. ఏ కూర మాడిందో, ఏ చుట్టం మీద ఎవరికి కోపమో వీధి మొత్తానికి తెలిసిపోయేది. అత్తగారు బతికున్నన్నాళ్ళూ సిగ్గులేదా అని సణుగుతూనే ఉండేది. "నేను సిగ్గుపడితే మీ అబ్బాయికి వినపడదు కదత్తయ్యా," అనేది ఈవిడ.

ఆ గొంతున్న మెడలోనే గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు, నిజంగానే లేదు. కానీ గొంతుకు వెళ్ళే నరం దెబ్బతింది. కొన్నాళ్ళకు మాట తిరిగి రావచ్చన్నారు. రాలేదు. ఇప్పుడు ఆవిడ మాట్లాడితే వచ్చేది గాలే. ఎదుటి మనిషి మొహం దగ్గరికి తెచ్చి, ఊపిరి బిగబట్టి వింటే అందులో మాటలు దొరుకుతాయి. కట్టుకున్నవాడికి మాత్రం ఎంత దగ్గరికి వచ్చినా దొరకవు. చెవిటి మొగుణ్ణి ఇచ్చి, అతనికి సరిపడా గొంతునిచ్చి, చివరికి గొంతు లాక్కోవడమేం న్యాయమో, ఎవరిని అడగాలో కూడా తెలియదు.

ఊరుకోలేదు, చేయగలిగినవన్నీ చేశారు. కూతురు చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చింది. అది ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు, వీధిలో స్కూటర్ల చప్పుడు అన్నీ తెచ్చి చెవిలో కుమ్మరించింది, భార్య గుసగుస తప్ప. తీసి డ్రాయర్లో పడేశాడు. పోనీ కాగితం మీద రాసుకుందామనుకున్నారు. ఉప్పు అయిపోయిందని రాయొచ్చు, కరెంటు బిల్లు వచ్చిందని రాయొచ్చు. పోట్లాట ఎలా రాస్తారు? వెక్కిరింత ఎలా రాస్తారు? కలం వెతికి పట్టుకునేసరికి చెప్పాలనుకున్నది చప్పబడిపోయేది. నెమ్మదిగా అదీ మానేశారు. ఆవిడ వంటింట్లో, ఆయన ముందుగదిలో. ఒకరికొకరు అద్దెకున్నవాళ్ళలా తయారయ్యారు.

చెవిటివాడికి నిశ్శబ్దం కొత్తా అని మనం అనుకుంటాం. ఆయనకు కొత్తే. లోకమంతా మూగబోయినా ఒక్క మనిషి మాట వినపడుతుంటే ఆయన దాన్ని చెవుడనుకోలేదు. ఇప్పుడే చెవిటివాడైనట్టు అనిపించింది. దానికి తోడు ఈమధ్య ఆవిడ ఆయన మొహం కూడా సరిగా చూడటం లేదు. ఎందుకని అడిగితే పెదవులు కదిలేవి. ఏమన్నదో తెలిసేది కాదు. రెండోసారి అడిగితే చెయ్యి విదిలించి లేచిపోయేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు ఆవిడ ఫోనులో మాట్లాడుతుండటం ఆయన కంటపడింది. ఫోను పెదవులకు ఆనించుకుని కూతురికి ఏదో చెబుతోంది. మధ్యమధ్య తలాడిస్తోంది. అంటే అక్కడ కూతురికి వినపడుతున్నట్టే కదా! బస్సులో సగం రోజు పట్టే ఊళ్ళో ఉన్నదానికి వినపడేది, ఒకే ఇంట్లో ఉన్న నాకెందుకు వినపడదు? ఫోను చెవికి పెట్టుకుంటే ఆయనకు చీమ నడిచినట్టు కూడా ఉండదు. ఫోను కంటే గట్టిగా అరిచే యంత్రం కావాలి. నోటి దగ్గర మైకు, చెవి దగ్గర స్పీకరు, మధ్యలో గంపెడు బలం. జీవితమంతా చేసిన పనే కదా, ఇంట్లో చేయాలని ఎప్పుడూ తోచలేదంతే.

అలా ఆంప్లిఫయరు, దానితో పాటు మైకూ ఇంటికొచ్చాయి. స్పీకర్లు ఇంట్లోనే ఉన్నాయి. కూతురు చదువుకునే రోజుల్లో మ్యూజిక్ సెట్టు కొనిస్తే, సెట్టు చచ్చి ఏనాడో పోయింది, దాని రెండు పెట్టెలు మాత్రం అటక మీద మిగిలాయి. దించి తుడిచాడు. ఆ శనివారం కూతురు వచ్చింది. రమ్మని తనెవరికీ కబురు చేయలేదే అనుకున్నాడు. అయినా మంచి వేళకే వచ్చిందని సంబరపడ్డాడు.

ముందుగదిలో బల్ల మీద అన్నీ అమర్చాడు. ఆంప్లిఫయరు వెనక వరసగా స్క్రూలుంటాయి. ఆయన చేతులు వాటి దగ్గరికి వాటంతటవే వెళ్ళాయి. తీగ చివరలు మెలిపెట్టి, బిగించి, మైకును వేలితో తట్టాడు. స్పీకరు ముందు చెయ్యి పెట్టి చూసుకుంటే అట్ట అదిరింది. పని చేస్తోంది.

భార్యను మైకు ముందు కూర్చోబెట్టడానికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ రానంటే రానంది. చివరికి కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ కూర్చుని, కాసేపు మైకు వంక చూసి, ఒక్కసారి కళ్ళెత్తి మొగుడి వంక సూటిగా చూసింది. చాలా రోజులకు చూసిన చూపది. పెదవులు కదిలాయి.

గుసగుస కదా, సరిపోదని ఆయన వాల్యూము పూర్తిగా తిప్పాడు. ఒకే గదిలో మైకూ స్పీకరూ ఎదురెదురుగా ఉంటే ఏమవుతుందో ఆయనకు తెలియనిది కాదు. ఆత్రం తెలివిని మింగేసింది. స్పీకరు భయంకరంగా కూత పెట్టింది. కూతురు చెవులు మూసుకుంది. ఆయనకు ఆ కూత సన్నగా, ఎక్కడో దూరాన రైలు పోతున్నట్టు వినపడింది. ఆ తర్వాత కాలిన వాసన, స్పీకరు అట్టలోంచి ఒక పొగ పాయ, చీకటైపోయిన ఆంప్లిఫయరు దీపం.

ఇంత గోలలోనూ ఆవిడ మాట్లాడటం ఆపలేదు. చెప్పాలనుకున్నది మొత్తం చెప్పి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమంది?" అని అడిగాడు కూతుర్ని.

కూతురి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. దగ్గరికొచ్చి చెవిలో గట్టిగా చెప్పింది. "అది అమ్మే చెప్పాలి నాన్నా. నేను చెప్పను."

"నువ్వు విన్నావుగా!"

"విన్నాను. ముందే తెలుసు కూడా. అయినా నేను చెప్పను."

మధ్యాహ్నం నీళ్ళ కోసం లోపలికి వెళ్తే మంచం మీద పెద్ద సంచీ కనిపించింది. కూతురిది కాదు. భార్య బట్టలు మడతలు పెట్టి ఉన్నాయి, కళ్ళజోడు పెట్టె ఉంది, బడి పిల్లలు ఎప్పుడో ఇచ్చిన ఫొటో ఉంది. నాలుగు రోజుల ప్రయాణానికి ఆ ఫొటో ఎవరూ పెట్టుకోరు.

"అమ్మను నాతో తీసుకెళ్తున్నాను," అంది కూతురు వెనక నుంచి, చెవి దగ్గరికి వచ్చి. "రేపు పొద్దున బస్సుకి."

"ఎన్నాళ్ళు?"

కూతురు ఆ ప్రశ్న వినపడనట్టే ఉండిపోయింది. ఆ ఇంట్లో వినపడని రోగం తనొక్కడికే లేదని ఆయనకు అప్పుడర్థమైంది.

ముందుగదిలోకి వచ్చి కాలిన స్పీకరును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో ఒక పని చేయకపోతే ఏడుపొచ్చేలా ఉంది. వెనక మూత విప్పాడు. లోపలి తీగచుట్ట మాడి నల్లబడింది. స్పీకరు వీపున దాని నిరోధం ఎనిమిది ఓములని అచ్చేసి ఉంది. లేచి ఆంప్లిఫయరు వెనక్కి చూశాడు. స్క్రూల వరసలో మొదట అన్నిటికీ ఉమ్మడిదైన కామన్, పక్కన నాలుగు, ఎనిమిది, పదహారు ఓములు, చిట్టచివర వంద వోల్టులు. తను తీగ బిగించింది ఆ చివరిదానికి.

మిల్లులో ఎప్పుడూ అంతే. షెడ్డు నుంచి షెడ్డుకు అంత దూరం తీగ లాగాలంటే మాటను ఎక్కువ వోల్టుల మీద పంపాలి. అందుకే అక్కడ ప్రతి స్పీకరు వెనకా అరచేతిలో పట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండేది, వచ్చిన బలాన్ని తగ్గించి స్పీకరుకు అందించేది. మిగతా స్క్రూలతో ఆయనకు ఎన్నడూ పని పడలేదు. వాటి మీది రంగు కూడా చెక్కుచెదరలేదు. ఇంటి స్పీకరుకు ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడిది? దానికి ఎనిమిదో నంబరు స్క్రూ చాలు. ఇంకెవడైనా ఈ పని చేసి ఉంటే చెవి మెలేసేవాడు. అలవాటుపడ్డ చేతుల్ని నమ్మి, భార్య నోరు తెరిచిన ఒక్క పూటనూ పొగ చేశాడు.

రెండో స్పీకరు బతికే ఉంది. ముందు ఒక్కదాన్నే కలిపి చూద్దామనుకోవడం మంచిదైంది. ఫ్యూజు మార్చాడు. తీగను కామన్‌కూ ఎనిమిదికీ బిగించాడు. ఈసారి చేతుల్ని నమ్మలేదు, కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివి మరీ బిగించాడు. ఇక మిగిలింది కూత. మైకు ఉన్నచోట స్పీకరు ఉండకూడదు. మిల్లులో మైకుకు విడిగా అద్దాల గది ఉండేది. ఇంట్లో అద్దాల గది లేదు, పడగ్గది ఉంది. తలుపు కింది సందులోంచి మైకు తీగ లోపలికి తోశాడు. ఇన్నాళ్ళూ ఒక గదిలో కూర్చుని ఒక్క మాట అందుకోలేకపోయారు. ఇప్పుడు మాట్లాడుకోవాలంటే మధ్యలో గోడ ఉండి తీరాలి.

ఆదివారం పొద్దున భార్య తయారై బయటికొచ్చింది. సంచీ గుమ్మం దగ్గరికి చేరింది. ఆయన అడ్డంగా నిలబడ్డాడు.

"వెళ్ళొద్దని అనను," అన్నాడు. ఎంత మెల్లగా అందామనుకున్నా వీధిలోకి వినపడింది. "నిన్న నువ్వు చెప్పింది నాకు అందలేదు. తప్పు నాదే, తీగ తప్పు కలిపాను. అదేంటో నాకు వినిపించి వెళ్ళు. వినకుండా పంపమంటే నా వల్ల కాదు."

ఆవిడ గడియారం వంక చూసింది, కూతురి వంక చూసింది. పడగ్గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుని మైకు చేతిలోకి తీసుకుంది. కూతురు తలుపు మూసి వచ్చి, తండ్రి చూపించినట్టు ఆంప్లిఫయరు నాబ్ మీద చెయ్యి వేసి నిలబడింది. ఆయన తన కుర్చీ లాక్కుని, స్పీకరును భుజం మీదికి ఎత్తుకున్నంత దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు ఊపిరి వినపడింది. మనిషి ఊపిరి.

"వినపడుతోందా?"

పాత గొంతు కాదు. ఇసుక జల్లించినట్టు గరగరలాడుతోంది. కానీ ఆ మాట విరుపు, చివర్లో ఆ చిన్న విసుగు ఆవిడవే.

"వినపడుతోంది!" అని అరిచాడు.

"అరవకండి. నాకేం చెవుడు లేదు."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్ని నెలల తర్వాత తిట్టింది! ఆ ఒక్క మాట కోసం ఇంకో ఆంప్లిఫయరు మోసుకురమ్మన్నా తెచ్చేవాడు.

"నిన్న చెప్పిందే చెబుతున్నాను," అంది ఆవిడ. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటోంది. "నేను అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఇక అక్కడే ఉంటాను."

"నా మీద కోపమా?"

"కోపం కాదు. భయం."

"భయమా? దేనికి?"

"వానలు మొదలైనప్పుడు స్నానాల గదిలో జారిపడ్డాను. లేవలేకపోయాను. తలుపు సందులోంచి మీ కాళ్ళు కనపడుతున్నాయి. ఈ కుర్చీలోనే ఉన్నారు. పిలిచాను. మీరు పేపరు తిప్పారు. ఆ కాగితం చప్పుడు కూడా నాకు వినపడింది. మళ్ళీ పిలిచాను. బకెట్టును మీ కాళ్ళ వైపు తన్నుదామంటే కాలు కదల్లేదు. ఎంతసేపు పిలిచానో నాకే తెలియదు."

ఆయన స్నానాల గది తలుపు వైపు తిరిగి చూశాడు.

"మీ తప్పు కాదు. నా తప్పూ కాదు. నేల మీద పడి ఉండి ఒకటే అనుకున్నాను. నేనిలాగే పోతే, ఈయన పేపరంతా చదివి, టీ ఇంకా రాలేదేంటని లేచి, అప్పుడు చూస్తాడు అని. ఎలాగో గోడ పట్టుకుని లేచాను. ఆ తర్వాత మీ మొహం చూస్తే తిట్టాలనిపించేది. తిట్టడానికి గొంతు లేదు."

ఆయనకు ఆ రోజు గుర్తొచ్చింది. టీ ఆలస్యమైంది. ఆవిడ మోచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. ఏమైందని అడిగాడు. ఆవిడ పెదవులు కదిలాయి. అర్థం కాలేదు. సరేలే అని మళ్ళీ పేపరులోకి వెళ్ళాడు. మగ్గాల హోరులో షెడ్డు చివరనున్న మనిషికి కూడా పిలుపు అందేలా చేసినవాడు, తన ఇంట్లో నేల మీద పడ్డ మనిషి పిలుస్తుంటే వార్తలు చదువుకున్నాడు.

కూతురు నాబ్ మీద చెయ్యి తీయకుండానే గోడ వైపు తిరిగి ఏడుస్తోంది.

"వెళ్ళు," అన్నాడాయన. ఈసారి గొంతు నిజంగానే తగ్గింది. "అక్కడ పిలిస్తే పలికేవాళ్ళున్నారు. నిన్ను ఆపే మొహం నాకు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ రోజు ఎలా పిలిచావో, అలా ఒకసారి పిలువు."

స్పీకరులో ఏమీ రాలేదు. సన్నటి గుర్రుమనే చప్పుడొకటే. వెళ్ళిపోయిందేమో, మైకు కింద పెట్టేసిందేమో అనుకున్నాడు. చెవిని స్పీకరు అట్టకు ఆనించాడు.

"ఏమండీ," అంది ఆవిడ.

ఆయన లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు తెరుచుకోగానే స్పీకరు కూత మొదలుపెట్టింది. కూతురు స్విచ్చి కట్టేసి వెనకే పరుగెత్తింది.

ఆవిడ మంచం అంచున, మైకు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. ఆయన ఆవిడ ముందు నేల మీద చతికిలబడి, ఆనాడు గుడ్డ చుట్టుకున్న మోచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వచ్చాను," అన్నాడు. "వచ్చాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూ ఏదో అంది. మైకు చచ్చిపోయి ఉంది. ఆయనకు ఏమీ వినపడలేదు. ఆవిడ పెదవుల వంకే చూసి, పట్టుకోలేక, కూతురి వైపు తల తిప్పాడు. బస్సు టైము దాటిపోతోందని కూతురికి తెలుసు. ఆ మాట ఎత్తలేదు. తండ్రి పక్కన కూర్చుని, ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"రావడానికి ఇంతసేపా అంటోంది నాన్నా."